నీటికి ముందు తొవ్వ

జగిత్యాలలో మార్గకవిత, దేశికవిత అని పాఠాలు చెప్పే నాకు అసలు మార్గమంటే ఏమిటో కోరుట్ల దగ్గరి మా పొలంలో తెలిసింది.

సడకు నుంచి ఇంటికి నల్లరేగడి మీద నాలుగు ట్రాక్టర్ల మొరం పోయించి, బాట అయిందనుకున్నాను. శ్రావణంలో రేగడి ఉబ్బి మొరాన్నంతా మింగేసింది. అదే వానలో ఓ రాత్రి బాపుకు గుండెనొప్పి! అంబులెన్సు సడకు మీదే ఆగింది. మంచం మీద మోసుకుపోయాం. బాపు బతికారు, నా సిగ్గు మిగిలింది.

సిరిసిల్ల నుంచి వచ్చిన ముసలి మేస్త్రి చూసి నవ్వాడు.

“సారూ, ముందుగాల నీళ్లకు తొవ్వ చూపుండ్రి. మన తొవ్వ గప్పుడే నిలుస్తది.”

ఇరుపక్కలా కాలువలు తీయించాడు. మెత్తటి పైమన్ను ఎత్తించి ఇసుక, పెద్దకంకర, మొరం వరుసగా పరిచి, పొరపొరకూ రోలరు తొక్కించాడు. పదడుగుల బాటకు నడుమ రెండంగుళాల ఎత్తు, తాబేలు వీపులా. రెండు శతాబ్దాల కిందట స్కాట్లండు ఇంజనీరు మెకాడం చెప్పిందీ అదే: అడుగునేల పొడిగా ఉంటేనే బాట బరువు మోస్తుంది.

ఇప్పుడు బాపు రోజూ ఆ బాట మీద నడుస్తారు. కాలువలో ఆకులు తీసే ఉద్యోగం నాది.