రొట్టె కాల్చే సరంజామా

మన ఇళ్ళలో "ఇవాళ బ్రెడ్డు తెప్పించండి" అని ఎవరన్నా అంటే, వెంటనే వచ్చే ప్రశ్న "ఎవరికి జ్వరం?" అని. వేడిపాలలో ముంచిన నాలుగు బ్రెడ్డుముక్కలు మనకు పథ్యం. భోజనం మాత్రం కాదు. రోగం తగ్గి లేచిన మనిషి మొట్టమొదట అడిగేది చారూ అన్నమూను.

కాని లోకంలో ఎంతోమందికి ఆ బ్రెడ్డే అన్నం. అది లేకపోతే కడుపు నిండినా భోంచేసినట్టుండదు. ఈ సంగతి పుస్తకాల్లో చదివితే తెలియదు. మా ఇంటికి కోడలు వచ్చిన తరువాతనే నాకు తెలిసింది.

మన పిల్లలు అమెరికాకో ఆస్ట్రేలియాకో కాపురానికి వెళుతూంటే మనం ఏం సర్దుతాం? ఇడ్లీరేకులు, పోపులడబ్బా, కందిపొడి, ఆవకాయ. ఇంకా ఓపిక వుంటే గ్రైండరు. అక్కడ దొరకదేమోనని తల్లులకు ఒకటే బెంగ. మా ఇంట జరిగింది దీనికి తలకిందులు. మా అబ్బాయి పెళ్ళాడింది జర్మనీ పిల్లను. వాడికి కుప్పంలో ఉద్యోగం వచ్చి ఇద్దరూ అక్కడ కాపురం పెట్టారు. నేనుండేది మదనపల్లెలో. ఆ పిల్ల రాగిసంకటి తింటుంది, పప్పుచారు తాగుతుంది, దేనికీ వంక పెట్టదు. అయినా మూడు నెలలకే మనిషి సగమైంది.

"నీకేం కావాలో చెప్పమ్మా" అన్నాను ఒకనాడు.

"బ్రెడ్డు, అత్తా" అన్నది.

"దానికేం భాగ్యం? బెంగుళూరు నుంచి తెప్పిస్తాను" అన్నాడు మావాడు.

"కొన్నది కాదు, అత్తా. ఈ ఇంట్లో అందరూ నాకు వండి పెడుతున్నారు. నేను చేసింది ఒక్కటీ మీరు తినలేదు" అన్నది.

నాకు ఆ మాటతో విషయం బోధపడింది. ఆకలి రొట్టెమీద కాదు, వంటింటిమీద. ఏ కోడలైనా తన చేతివంట నలుగురూ తిన్ననాడే ఆ ఇంటి మనిషవుతుంది. అంతవరకూ చుట్టమే.

మా వూరికి ఈ సమస్య కొత్తది కాదు. అమెరికా మిషను డాక్టరు జేకబ్ చేంబర్లేన్ 1863లో మదనపల్లె చేరి, 1908లో ఇక్కడే కన్నుమూశారు. డెన్మార్కు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ చేతిమీదుగా 1912లో ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి మొదలైంది. కాలేజీలో ఐర్లండు దంపతులు జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ వుండేవారు. ఇద్దరూ శాకాహారులు. 1919లో రవీంద్రులు వారి అతిథిగా వచ్చి ఇక్కడే జనగణమనను ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు. పాట బాణీకి స్వరలిపి వ్రాసింది మార్గరెట్టమ్మే. ఇవన్నీ మనం గర్వంగా చెప్పుకుంటాం. కాని ఆ ఇళ్ళ వంటగదుల్లో పిండి ఎలా పొంగిందో, దేనిమీద కాలిందో ఎవరూ చెప్పుకోరు. ఆ రోజుల్లో మన దేశంలో చాలాచోట్ల దొరల ఇళ్ళలో రొట్టె పొంగడానికి ఆధారం కల్లు. కల్లులో పులుపెక్కించే ఈస్టు దానంతటదే వుంటుంది. గోవాలో పోర్చుగీసువారి రొట్టెలకూ అదే. కేరళలో అప్పాల పిండికి ఈనాటికీ కల్లు పోసేవారున్నారు. మా సీమలో ఈతచెట్లకు కొదువలేదు గదా!

అయితే ఈ కాలంలో ఇంత వెతుకులాట దేనికి, కరెంటు ఓవెను కొంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. కొన్నాం. ఇంటికే పంపే కంపెనీవాళ్ళు మొదట పంపినదానికి అద్దం పగిలివుంది. తిప్పి పంపితే రెండోది వచ్చింది. దాని మీద 2000 వాట్లు అని వ్రాసి వున్నది. వాళ్ళ అద్దె ఇంటి వంటగదిలో వున్నవి చిన్న ప్లగ్గులు. 6 ఆంపియర్ల ప్లగ్గు సుమారు 1400 వాట్లకు మించి మోయదు. మించి వాడితే తీగ వేడెక్కి కాలుతుంది. గోడ పగలగొట్టి లావుతీగ వేయించడానికి ఇంటివారు ఒప్పుకోలేదు. ఓవెను అట్టపెట్టెలోనే మిగిలింది. ఓవెను కొనబోయే సోదరీమణులు ముందు ఇంట్లో 16 ఆంపియర్ల ప్లగ్గు వుందో లేదో చూసుకోండి. మామూలు మైక్రోవేవు వుందిగదా అని కూడా అనుకోవద్దు. అది పిండిని ఉడికిస్తుందేగాని ఎర్రగా కాల్చదు.

ఇక నేను కొంగు బిగించాను. మదనపల్లె బజారులో పాత్రల దుకాణాలన్నీ తిరిగాను. కేకులు చేసే గుండ్రటి అచ్చులు దొరికాయి. రొట్టెకు కావలసిన పొడుగాటి డబ్బా లేదు. ట్రంకుపెట్టెలు చేసే అతన్ని అడిగితే "ఎంతసేపమ్మా" అని జింకుపూత రేకు తీశాడు. వద్దన్నాను. ఆ పూత తిండి కాల్చుకునే పాత్రకు పనికిరాదు. మందపాటి అల్యూమినియం రేకుతో, మూలలు మడిచి, మాటు పెట్టకుండా చేయించాను. మాటు పెడితే వేడికి సీసం కరిగే ప్రమాదం వుంది.

ఈస్టు కుప్పంలోనే దొరికింది. అయ్యంగారి బేకరీ అన్న బోర్డులేని వూరు మా ప్రాంతంలో అరుదు. అలాంటి ఒక బేకరీ పెద్దాయన మా కోడలి తెలుగు విని మురిసిపోయి, గుప్పెడు ఈస్టు పొట్లం కట్టి డబ్బులు పుచ్చుకోలేదు. ఆ వూళ్ళో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడతాయి. నాలుగోది వచ్చినా వారికి వింత లేదు. ఈస్టు బ్రతికి వుందో లేదో చూడడం తేలిక. గోరువెచ్చని నీళ్ళలో చిటికెడు పంచదారతో కలిపితే పది నిమిషాల్లో నురగ కట్టాలి. కట్టకపోతే పారవేయండి.

మిగిలింది పొయ్యి. అది పుంగనూరులో దొరికింది. పొట్టి ఆవులకు పేరుపొందిన ఆ వూళ్ళో పెళ్ళిళ్ళకు బిర్యానీ వండే ఒక పెద్దాయన మావారికి స్నేహితుడు. ఆయన మందపాటి డేగిసాకు మూతపెట్టి, అంచుకు పిండి మెత్తి, మూతమీద నిప్పులు పరవడం చూశాను. కింద సెగ, పైన సెగ. ఓవెనంటే అంతకన్న ఏముంది? అమెరికావారికి డచ్చి ఓవెను అని ఒక ఇనప పాత్ర వుంది. దాని మూతకు అంచు వుండేది నిప్పులు జారకుండా పెట్టడానికే. చేంబర్లేన్‌గారి మిషను డచ్చివారి సంతతి చర్చిదే. సంగతి చెప్పగానే పెద్దాయన "కోడలు బిడ్డకా? తీసుకుపో అక్కా" అని పాత డేగిసా ఒకటి ఇచ్చివేశాడు.

కావలసినవారికి పద్ధతి చెబుతాను. అరకిలో మైదాకు 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల పొడి ఈస్టు, 300 మిల్లీలీటర్ల పైచిలుకు నీళ్ళు. పది నిమిషాలు బాగా మర్దించాలి. పిండిలోని జిగురు సాగి గాలిని పట్టివుంచేది అందువల్లనే. తడిగుడ్డ కప్పి రెండింతలయ్యేదాకా వుంచాలి. ఎండకాలం గంట చాలు. మదనపల్లె చలికాలంలో రెండు గంటలైనా పట్టవచ్చు. అణచి, నూనె రాసిన డబ్బాలో పెట్టి, మళ్ళీ పొంగనివ్వాలి. డేగిసా అడుగున రెండంగుళాల ఇసుక పోసి, పైన ముక్కాలిపీట పెట్టి, ముందుగానే బాగా కాగనివ్వాలి. డబ్బా దించి, మూతమీద నిప్పులు వేసి ముప్పావుగంట. ఇదంతా పెరట్లోనే చేయాలి సుమా! తలుపులు మూసిన గదిలో బొగ్గుల పొగ ప్రాణం తీస్తుంది. రొట్టె అడుగున వేలితో తడితే డొల్లగా మోగాలి.

ఈస్టు సరిపడనివారికి బేకింగు పౌడరు వుంది. 1843లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఇంగ్లీషు రసాయనజ్ఞుడు ఈస్టు పడని తన భార్యకోసమే దాన్ని కనిపెట్టాడు. భార్య రొట్టె తినలేకపోతున్నదని ఒక మగవాడు ఇంత శ్రమపడ్డాడంటే మెచ్చుకోవలసిందే.

ఆమెకు మనసైనది వాళ్ళ వూరి నల్లరొట్టె. దానికి కావలసిన రై పిండి మా సీమలో దొరకలేదు. "రాగులు నల్లగానే వుంటాయిగదా, అత్తా" అని ఆమే అన్నది. రాగిలో సాగే జిగురు లేదు కనుక మూడుపాళ్ళు మైదాకు ఒకపాలు రాగిపిండి కలిపింది. కాలినదాన్ని చల్లారేదాకా కొయ్యనివ్వలేదు. వేడిమీద కోస్తే లోపల ముద్దవుతుందట. మావారు ఒక ముక్క తుంచి, చెనక్కాయల ఊరిమిండి అద్దుకుని తిన్నారు. ఏమీ అనలేదు. రెండో ముక్కకు చేయి చాచారు. ఆ పిల్ల గబగబా పెరట్లోకి వెళ్ళిపోయింది. కళ్ళు తుడుచుకోవడానికే కాబోలు. నేను వెనకాల వెళ్ళలేదు.

ఇప్పుడు వారానికొక రొట్టె మదనపల్లెకు బస్సులో వస్తుంది. ఇరుగుపొరుగువారికి ముక్క పంపితే మాత్రం ఇంకా మొదట అడిగేది, "మీ ఇంట్లో ఎవరికి వొంట్లో బాగా లేదు?" అని. అది మారడానికి మరి కొంతకాలం పడుతుంది.

పరాయి దేశంనుంచి వచ్చిన పిల్ల మీ ఇంట్లో వుంటే, ఆమెకు మన వంటలు నేర్పండి, తప్పులేదు. దానికన్న ముందు ఆమె వంటకు కావలసిన గిన్నె ఒకటి వెతికి పెట్టండి.