ఉద్దానం వంటింట్లో ఎదిగే పిల్లల వాటా

భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014 నమూనా నమోదు సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు నిండినవారిలో నూటికి 98 మంది మాంసాహారులని తేలింది. దాన్నిబట్టి శాకాహారంతో పిల్లలు సరిగా ఎదుగుతారా అన్న చర్చ ఈ రాష్ట్రానికి, అందులోనూ చేపల వేటతో బతికే తీరం ఉన్న శ్రీకాకుళం జిల్లాకు అంతగా పట్టదని అనిపించవచ్చు. అయితే తినే అలవాటు ఉన్నదా లేదా అన్నదే ఆ లెక్క చెబుతుంది గాని, వారంలో ఎన్ని పూటలు, ఎంత తింటున్నారన్నది చెప్పదు. ఆ జిల్లాలో ఉద్దానం అని పిలిచే ప్రాంతంలోను, దాని చుట్టుపక్కల, అంటే పలాస, టెక్కలి, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో చేపో గుడ్డో దొరికిన నాడు తినే పేద ఇళ్లలో సైతం మిగిలిన పూటలు అన్నం, చారు, ఏదో ఒక కూరతో గడుస్తాయి; వాటికి శనివారాల నియమం, కార్తీక మాసం, అయ్యప్ప దీక్ష తోడవుతాయి. ఆచారం వల్ల శాకాహారులైన పిల్లలు కొద్దిమందే అయినా, రాబడి చాలక శాకాహారంతో సరిపెట్టుకునే పిల్లలు అంతకంటే చాలా ఎక్కువ మంది కనుక, ఈ చర్చ ఉద్దానానికి తప్పకుండా వర్తిస్తుంది.

కౌమారం అంటే పది నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య వయసు. మనిషి తుది ఎత్తులో దాదాపు 15 నుంచి 20 శాతం, ఎముకల ద్రవ్యరాశిలో దాదాపు సగం ఈ కొద్ది ఏళ్లలోనే సమకూరుతాయి. ఇంత పెరుగుదలకు శాకాహారం చాలుతుందా అన్న ప్రశ్నకు లోకానుభవం రెండు రకాలుగా జవాబు చెప్పింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో మతనియమంగా మాంసం మానేసి పాలు, గుడ్లు తీసుకునే అడ్వెంటిస్టు కుటుంబాల పిల్లలను 1991లో వెలువడిన ఒక అధ్యయనం పరిశీలించగా, వారు ఎత్తులో మాంసాహారులైన తోటి పిల్లలకు ఏమాత్రం తీసిపోలేదు. నెదర్లాండ్స్‌లో పాలు, గుడ్లు కూడా మానేసి ధాన్యం, కూరగాయలు, కొద్దిపాటి పప్పులతో పసిపిల్లలను పెంచిన మాక్రోబయోటిక్ కుటుంబాల్లో మాత్రం ఎదుగుదల మందగించింది. ఆ పిల్లల్లో కొందరు కౌమారానికి వచ్చాక కూడా బి12 లోపంతో ఉన్నారని, తర్కశక్తి పరీక్షల్లో వెనకబడ్డారని 2000లో ప్రచురితమైన పరిశోధన చూపింది. మాంసం రెండు చోట్లా లేదు కాబట్టి తేడాకు కారణం మిగిలిన ఆహారపు వైవిధ్యమే.

ఉద్దానంలో ఆ వైవిధ్యం లేకపోవడానికి భూమి కారణం కాదు. జీడి, కొబ్బరి, పనస, మునగ పండే నేల ఇది. ఉలవలు, చోళ్లు (రాగులు) ఉత్తరాంధ్రకు కొత్త పంటలు కావు. కానీ బియ్యం రేషన్ కార్డు మీద వస్తుంది, పప్పు, పాలు డబ్బు పెట్టి కొనాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటలను నేలకూల్చినట్టు రాబడి ఒక్కసారిగా పడిపోయిన సంవత్సరాల్లో ఇంటి ఖర్చులో ముందు తగ్గేవి ఈ రెండే. వరి అన్నంలోని మాంసకృత్తుల్లో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పులో అది సమృద్ధిగా ఉంటుంది. మూడు పాళ్లు ధాన్యానికి ఒక పాలు పప్పు కలిస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది. కంచం నిండా అన్నం పెట్టి దాని మీద పలుచని చారు పోస్తే ఆకలి తీరుతుంది గాని ఎదుగుదలకు కావలసిన సరుకు అందదు.

ఇనుము సంగతి ఇంకా లోతైనది. 13 నుంచి 15 ఏళ్ల బాలికకు రోజుకు 30 మిల్లీగ్రాములు, బాలుడికి 22 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించింది. 2016-18 జాతీయ సమగ్ర పోషకాహార సర్వే ప్రకారం దేశంలోని కౌమార బాలికల్లో నూటికి 40 మందికి రక్తహీనత ఉంది. ఆకుకూరల్లో, పప్పుల్లో, ఉలవల్లో ఇనుము ఉన్నా, ధాన్యాల్లోనూ పప్పుల్లోనూ ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు, టీలో ఉండే టానిన్లు దాన్ని పట్టి ఉంచి పేగుల్లో ఇంకనివ్వవు. నానబెట్టడం, మొలకెత్తించడం ఆ పట్టును సడలిస్తాయి, విటమిన్ సి ఉన్న పండు అదే భోజనంలో తింటే ఇనుము మరింతగా ఒంటపడుతుంది. ఈ విటమిన్ కమలాపండులో కంటే జీడిమామిడి పండులో కొన్ని రెట్లు ఎక్కువ. గింజను ఒలుచుకుని పండును చెట్ల కింద వదిలేసే అలవాటు ఉన్న ప్రాంతంలోనే ఆడపిల్లలు ఇనుము ఒంటపట్టక నీరసించడం నిజంగా బాధ కలిగించే విషయం. పండులోని వగరు తగ్గేలా ఉప్పునీటిలో నానబెట్టి వేసవిలో పిల్లలకు తినిపించడానికి కర్మాగారమేదీ అక్కరలేదు.

సున్నం, అంటే కాల్షియం, విషయంలో స్థానిక ఆహారానికి లోటు లేదు: వంద గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాములు, నువ్వుల్లో వెయ్యికి పైగా ఉంటుంది, బియ్యంలో మాత్రం నామమాత్రమే. బి12 ఒక్కటి మొక్కల్లో దొరకదు, కాబట్టి గుడ్డు, చేప తినని పిల్లలకు పాలు, పెరుగు తప్పనిసరి. ఇటీవలి సంవత్సరాల్లో రేషన్‌లో, బడి భోజనంలో ఇచ్చిన బలవర్ధక బియ్యపు గింజల్లో ఇనుము, ఫోలిక్ ఆమ్లంతో పాటు బి12 కూడా ఉంటుంది. ప్లాస్టిక్ బియ్యమన్న వదంతిని నమ్మి ఆ గింజలను ఏరి పారేసిన ఇళ్లు తమకు తెలియకుండానే పిల్లలకు అందవలసినదాన్ని పోగొట్టుకున్నాయి.

ఉద్దానంలో ప్రత్యేకంగా కనిపించే చిక్కు మరొకటి ఉంది. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఇక్కడి ఎన్నో ఇళ్లను తాకింది, దానికోసమే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ దాకా రాని రోగికి వైద్యులు సాధారణంగా మాంసకృత్తులను పరిమితం చేస్తారు, రక్తంలో పొటాషియం పెరిగితే కొబ్బరినీళ్లు, పప్పులు, ఆకుకూరలు తగ్గించమంటారు, కూరగాయలను ఉడికించి ఆ నీళ్లు పారబోయమంటారు. రెండు వంటలకు ఓపిక, ఖర్చు లేని ఇంట్లో తండ్రి కోసం వండిన ఆ కూరే పద్నాలుగేళ్ల కూతురి కంచంలోకీ చేరుతుంది. ఆయనకు ఔషధమైన నియమం ఆమెకు లోపమవుతుంది, ఎందుకంటే పారబోసిన నీళ్లతో విటమిన్ సి, ఫోలేటు కూడా పోతాయి. ఆరోగ్యవంతమైన మూత్రపిండాలకు మామూలు మోతాదులో పప్పు హాని చేయదు. డయాలసిస్ మొదలైన రోగికైతే మాంసకృత్తులు పెంచవలసి వస్తుంది, కాబట్టి ఒక రోగి నియమం మరో రోగికే సరిపోదు. రోగికి ఆహార పట్టిక రాసిచ్చే ప్రతి చోటా ఇంట్లో ఎదిగే పిల్లలు ఉన్నారా అని అడిగి, వారికి విడిగా ఏం వండాలో అదే కాగితం మీద రాయాలి. పప్పు వేరే గిన్నెలో వండి పిల్లలకు వడ్డిస్తే, కూర ఒకటే అయినా నష్టం చాలావరకు తగ్గుతుంది.

బడి భోజనం ఈ లోటును కొంత పూడుస్తోంది. డొక్కా సీతమ్మ పేరిట నడుస్తున్న మధ్యాహ్న భోజన పథకంలో గుడ్డు ఉంది, 2023 మార్చిలో రాగి జావ చేరింది, 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ భోజనం విస్తరించింది. గుడ్డు తినని పిల్లల సంగతిని మాత్రం ఇంకా గట్టిగా ఆలోచించాలి. కర్ణాటకలో అలాంటివారికి అరటిపండు ఇస్తున్నారు, ఇంతకుముందు వేరుసెనగ చిక్కీ కూడా ఇచ్చేవారు. గుడ్డులో ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులుంటే అరటిపండులో ఒక గ్రాముకు కాస్త అటూ ఇటూ, బి12 అసలే లేదు. పలాస, టెక్కలి, మందస బడుల్లో ఆ పిల్లలకు గుడ్డుకు బదులుగా గ్లాసు పాలు, గుప్పెడు ఉడికించిన సెనగలో పెసలో ఇవ్వడం న్యాయం. ఆ ఖర్చు భరించవలసింది ప్రభుత్వమే తప్ప పిల్లల తల్లిదండ్రులు కాదు.