బక్క పిల్లకు తిండి ఒక్కటే మందు కాదు

"బక్కగా ఉందా? ఇంకో పది పురుగులు వెయ్యండి, వారంలో బలుస్తుంది." బేర్డెడ్ డ్రాగన్ అనే పెంపుడు బల్లి పిల్లను తెచ్చుకున్నవాళ్లకు మొదట వినిపించే సలహా ఇదే. నమ్మి పాటించినవాళ్ల బల్లి పిల్లలు చచ్చిపోతున్నాయి కనుక దీన్ని ఖండించక తప్పదు.

ఆస్ట్రేలియా ఎడారుల్లో పుట్టిన ఈ జీవి మన కంచెల మీద తలాడించే తొండకు చుట్టమే. రెండూ అగమిడే కుటుంబానివి. తిన్నది అరగాలంటే దాని ఒంటికి బయటి నుంచి వేడి అందాలి. గూటిలో ఒక చివర 38 నుంచి 42 డిగ్రీలు, మరో చివర 25 నుంచి 28 డిగ్రీలు ఉండాలి. వేడి చాలని పిల్ల ముందు పురుగులు గుమ్మరిస్తే అవి కడుపులోనే కుళ్లుతాయి. పొట్ట ఉబ్బుతుంది, ఒంట్లో కండ మాత్రం పట్టదు.

"నల్లగొండ జిల్లా హాలియాలో ఇంత ఎండ ఉండగా యూవీబీ లైటు ఎందుకు?" అనేవాళ్లూ ఉన్నారు. ఎండలోని యూవీబీ కిరణాలు చర్మానికి తగిలితేనే విటమిన్ డి3 తయారవుతుంది, అప్పుడే క్యాల్షియం ఎముకకు పడుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది. అద్దం వెనక పెరిగిన పిల్లకు దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి, పురుగును నమలలేక ఇంకా చిక్కిపోతుంది. పోనీ గాజుపెట్టెనే ఎండలో పెడదామంటే, నల్లగొండ జిల్లాలో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. పారిపోవడానికి చల్లటి మూల లేక నిమిషాల్లో ప్రాణం పోతుంది. పొద్దుటి లేత ఎండలో, సగం నీడ ఉన్న జాలీ గూటిలో, మనిషి కనిపెట్టుకుని ఉండగా కాసేపు ఉంచితే మంచిదే. మిగతా పొద్దంతా యూవీబీ ట్యూబు కావాల్సిందే.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది వరి, పత్తి చేలల్లో మిడతలు పట్టి పెట్టడం ఇంకో ప్రమాదం. మిడతతోపాటు దాని మీద పడిన పురుగుమందూ కడుపులోకి పోతుంది. మిణుగురులనైతే దగ్గరికి రానివ్వొద్దు. అమెరికాలో వాటిని మింగి ఈ బల్లులు చనిపోయిన కేసులు 1999లో శాస్త్ర పత్రికకెక్కాయి. పెంచిన ఇలకోళ్లే పెట్టాలి, అవీ పిల్ల రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు, క్యాల్షియం పొడి అద్దాలి. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు క్యాల్షియాన్ని పట్టేసుకుంటాయి. గుమ్మడికాయ తురుము, మందార పూలు నయం.

వేడి, లైటు సరిగ్గా ఉండి, బాగా తింటూ కూడా చిక్కుతోందంటే పేగుల్లో పురుగులో, కాక్సీడియా అనే పరాన్నజీవులో ఉన్నాయని అనుమానించాలి. కోళ్ల రైతులకు ఆ పేరు కొత్త కాదు. గొర్రెల పెంటికలను మైక్రోస్కోపులో చూసినట్టే దీని రెట్టనూ చూడొచ్చు. మందు మోతాదు మాత్రం సరీసృపాలు తెలిసిన డాక్టరే చెప్పాలి.

లావుగా ఉంటే ఆరోగ్యమే అనుకోవడమూ తప్పే. చిన్న పిల్ల తిండిలో ఎక్కువ పాలు పురుగులు ఉండటం సబబు. ఎదుగుదల నెమ్మదించాక కూడా అదే కొనసాగిస్తే, అందునా కొవ్వెక్కువగా ఉండే సూపర్‌వార్మ్‌లు పెడితే, కాలేయానికి కొవ్వు పడుతుంది. పెద్దయ్యేసరికి ఆకుకూరలే ప్రధానం కావాలి.

కంటితో అంచనా వేయకుండా గ్రాముల కాంటా కొనండి. గుడ్డు పగిలినప్పుడు 2, 3 గ్రాములుండే పిల్ల పెద్దయ్యాక సాధారణంగా 300 నుంచి 500 గ్రాములు తూగుతుంది. వారానికోసారి, ఒకే వేళకు, మేత పెట్టకముందు తూచి, పొడవుతో సహా రాసుకోండి. తోక మొదలు సన్నబడి తుంటి ఎముకలు తేలితే, తల మీది మెత్తలు గుంటలు పడితే, పురుగుల డబ్బా తెరవడానికి ముందు గూటిలో థర్మామీటరు చూడండి.