మనుష్యాకార యంత్రమునకు తొలి పని ఏది?

సంపాదకులకు,

మనుష్యునివలె తలయు, నడుమును, రెండు చేతులును గల యంత్రములు కర్మాగారములలో భాగములను కూర్చుటకును, బరువులను ఎత్తి దించుటకును రానున్నవను వార్త మా కోయంబత్తూరు వర్క్‌షాపులలో ఇప్పుడు నిత్యము వినవచ్చుచున్నది. వాటి రాకకు నేను విరోధిని కాను. కాని వాటికి మొదట ఏ పని ఒప్పగింపవలెనను విషయమున నాకు దృఢమైన అభిప్రాయము కలదు.

తరతరములుగా ఇంట తెలుగును, వీథిని తమిళమును మాటాడుచు కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో స్థిరపడిన మావారికి యంత్రము పరాయిది కాదు. జి.డి. నాయుడుగారును, డి. బాలసుందరం నాయుడుగారును 1937లో స్వదేశీ విద్యుత్ మోటారును నిర్మించినది ఈ ఊరనే. నేడు ఆంధ్రదేశపు బోరుబావులలో సైతము మా ఊరి పంపులు నీరు తోడుచున్నవి.

ఆ పంపు మోటారుకు వైండింగు చేయు స్త్రీలను చూడుడు. మోటారులో కదలని భాగమైన స్టేటరు గాడులగుండా ప్లాస్టిక్ తొడుగు గల రాగితీగను ఒకరు ఇవతలినుండి త్రోయగా మరియొకరు అవతలినుండి లాగుదురు; తొడుగు ఇసుమంత గీరుకొన్నను వారి వ్రేలికొనలకు తెలియును, తెలియనినాడు ఆ మోటారు నీట దిగిన కొలది దినములకే కాలిపోవును. ఎన్నో సంసారములు ఈ నేర్పుమీద నడచుచున్నవి. ఇక ఫౌండ్రీలోనికి పొండు: 1300 డిగ్రీలకు మించిన వేడితో కరగిన ఇనుమును మోసికొనిపోయి ఇసుక మూసలలో పోయువారును, చల్లారిన పోతలను మూసలనుండి వెలికిదీసి అంచులు సానపట్టువారును అచ్చట కనబడుదురు. ఆ పనులలో లేచు ఇసుక ధూళి ఏండ్ల తరబడి ఊపిరితో లోనికి పోయి సిలికోసిస్ అను మానని వ్యాధిని తెచ్చును.

ఇట్టి పనిని యంత్రమునకు ఒప్పగించుట కొత్త కాదు. 1961లో అమెరికాలోని న్యూజెర్సీయందు జనరల్ మోటార్స్ వారు ‘యూనిమేట్’ అను తొలి పారిశ్రామిక రోబోకు ఒప్పగించినది కాలుచున్న లోహపు పోతలను ఎత్తి పెట్టు పనియే. అది ఒంటిచేతి యంత్రము, ఒకచోట బిగించినది. మా ఫౌండ్రీలలోనివో ఇరుకైన కొట్టములు. అన్నియు మనుష్యుని ఎత్తునకు, మనుష్యుని నడకకు కట్టినవి. వాటిని పడగొట్టి తిరిగి కట్టు స్తోమతు చిన్న యజమానికి లేదు గనుక మనుష్యాకారము ఇచ్చటనే నిజముగా అక్కరకు వచ్చును. ధూళి చేరిన యంత్రపు కీళ్లు చెడునని తయారీదారులు అందురు. చెడిన కీలును మార్చవచ్చును. సానపట్టు కార్మికుని ఊపిరితిత్తులను మార్చు ఉపాయమేది?

కావున ఇచ్చటికి వచ్చు మొదటి యంత్రమును సానపట్టు కొట్టములోనే నిలుపుడని యజమానులను, ధూళికి తాళు కీళ్లను రూపొందింపుడని మా ఊరి పి.ఎస్.జి. సాంకేతిక కళాశాల ఆచార్యులను మీ పత్రికాముఖమున ప్రార్థించుచున్నాను. వైండింగు బల్లలకడకు దానిని తెచ్చు యోచన యున్నచో, ముందుగా ఆ స్త్రీలతో కూర్చుండి, వారి జీతములను గూర్చియు, వారు నేర్వదగిన కొత్త పనిని గూర్చియు మాటాడవలయును.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పీలమేడు, కోయంబత్తూరు