లగ్జరీ ఇల్లు కట్టిస్తున్నారా? టచ్ ప్యానెల్ కంటే ముందు గోడలో న్యూట్రల్ వైరు గురించి అడగండి

గెలాక్సీ అనగానే మనలాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్లకి శాంసంగ్ గుర్తొస్తుంది. మా ఒంగోలులో మాత్రం గెలాక్సీ అంటే నేల మీద పరిచే రాయి. ఊరికి దగ్గర్లోనే ఉన్న చీమకుర్తి క్వారీల్లో దొరికే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అది. నల్లటి రాయి, లోపల బంగారు చుక్కలు. ప్రపంచమంతా ఎగుమతి అవుతుంది. మా దగ్గర కొత్త ఇల్లు కట్టినవాళ్లు చుట్టాలు రాగానే ముందు ఆ రాయి చూపిస్తారు. ఈ మధ్య దాని తర్వాత చూపించే రెండో ఐటమ్ ఒకటొచ్చింది. గోడ మీద మెరిసే గ్లాస్ టచ్ ప్యానెల్.

ఆ ప్యానెల్ ఏది కొనాలని ఎవర్ని అడుగుతారు? మనల్నే. "నీకు ఫోన్ల గురించి బాగా తెలుసు కదరా, మా ఇల్లు కూడా స్మార్ట్‌గా చేసిపెట్టు" అంటారు. బాబాయిలు, మేనమామలు, కింద పోర్షన్ అంకుల్, అందరూ. మనం కూడా ఫోన్ సెలెక్ట్ చేసినట్టే స్పెక్స్ చూసి, రెండు వీడియోలు చూసి, ఒక బ్రాండ్ పేరు చెప్పేస్తాం.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇల్లు విషయంలో ఫోన్ బుర్ర పనికిరాదు. ఫోన్ మహా అయితే నాలుగేళ్లు వాడతాం. ఇల్లు మన పిల్లలు పెద్దయ్యేదాకా ఉండాలి. కాబట్టి గోడ లోపలికి వెళ్లేది సాదాగా, గట్టిగా, కావలసినదానికంటే కాస్త ఎక్కువగా ఉండాలి. స్మార్ట్ అన్నది గోడ బయట ఉండాలి, స్క్రూడ్రైవర్‌తో విప్పి మార్చుకునేలా ఉండాలి. డబ్బు కూడా ఈ వరసలోనే ఖర్చు పెట్టాలి. మన ఇళ్లలో జరుగుతున్నది దీనికి పూర్తిగా రివర్స్.

మా ఇంట్లో నేను చేసిన తప్పు

మేం 2019లో మంగమూరు రోడ్డు వైపు ఇల్లు కట్టుకున్నాం. నాన్న రిటైర్మెంట్ డబ్బు, అమ్మ చీటీ పాటలు, కొంత బ్యాంకు లోను. ఎలివేషన్ ఇంజినీర్ చూసుకున్నాడు, టైల్స్ అమ్మ చూసుకుంది. "స్మార్ట్" డిపార్ట్‌మెంట్ నాది. ఇల్లంతటికీ టచ్ ప్యానెళ్లు, ఒక హబ్, ఒక యాప్. మొత్తం 2 లక్షల 40 వేలు. గృహప్రవేశం రోజు ఫోన్‌లో ఒక బటన్ నొక్కి హాల్లో లైట్లన్నీ ఒకేసారి వెలిగిస్తే చుట్టాలు చప్పట్లు కొట్టారు. ఆ రోజు నా ఫీలింగ్ చెప్పక్కర్లేదు.

మొదటి ఏడాదిలోనే నాయనమ్మ అడిగింది, "ఏరా అబ్బాయ్, లైటు వేసుకోటానికి కూడా నీకు ఫోన్ చెయ్యాలా?" తడి చేత్తో ముట్టుకుంటే ప్యానెల్ పనిచేసేది కాదు. చీకట్లో ఏ బటన్ ఎక్కడుందో చేతికి తెలిసేది కాదు. కరెంటు పోయి వస్తే ఇంకా విచిత్రం. అర్ధరాత్రి రెండింటికి పోయిన కరెంటు రాగానే బెడ్‌రూముల్లో లైట్లన్నీ వాటంతటవే వెలిగేవి. లేదంటే హబ్ స్టక్ అయ్యి ఏదీ వెలిగేది కాదు.

2022లో కంపెనీ యాప్ అప్‌డేట్లు ఆపేసింది. నేను కొత్త ఫోన్ కొన్నాక అందులో ఆ యాప్ అసలు ఓపెన్ కాలేదు. బిగించిన అతను ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ వేసవిలో ఒక రాత్రి నాయనమ్మ బాత్రూంకి లేచింది. ప్యానెల్ పనిచెయ్యలేదు. గోడ తడుముకుంటూ వెళ్లి గుమ్మం దగ్గర తూలి, తలుపు పట్టుకుని నిలబడిపోయింది. అదృష్టం, పడలేదు. మర్నాటి నుంచి ఆమె దిండు పక్కన టార్చిలైటు పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. 2 లక్షల 40 వేలు పెట్టిన స్మార్ట్ హోమ్‌లో టార్చిలైటు!

ఇది చిన్న కంపెనీల సమస్య మాత్రమేనా?

కాదు. రివాల్వ్ అనే స్మార్ట్ హోమ్ హబ్ ఉండేది. సుమారు 300 డాలర్లు పెట్టి కొన్నారు జనం. 2014లో దాన్ని గూగుల్‌కి చెందిన నెస్ట్ కొనుక్కుంది. 2016 మే 15న సర్వర్ ఆపేసింది. అంతే, హబ్ ఉత్త ప్లాస్టిక్ డబ్బా అయిపోయింది. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఇన్‌స్టియాన్ సర్వర్లు ముందస్తు కబురు లేకుండానే ఆగిపోయాయి. తర్వాత దాని వాడకందార్లే కొందరు కలిసి ఆ వ్యాపారం కొని మళ్లీ నడిపించారు. మన వీధిలో అలాంటివాళ్లు దొరుకుతారని నమ్మకం పెట్టుకోగలమా?

ఈ గొడవ తగ్గించడానికే 2022 అక్టోబర్‌లో మ్యాటర్ అనే స్టాండర్డ్ వచ్చింది. యాపిల్, గూగుల్, అమెజాన్, శాంసంగ్ అన్నీ దీని వెనక ఉన్నాయి. వేరే వేరే కంపెనీల వస్తువులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం, ఇంట్లో నెట్‌వర్క్ మీదే పనిచేయడం దీని ఉద్దేశం. మంచిదే. ఇప్పుడు కొనేవాళ్లు బాక్సు మీద మ్యాటర్ గుర్తు ఉందో లేదో చూడండి. కానీ మ్యాటర్ ఉన్నా గోడలో వైరు సరిగ్గా లేకపోతే చేసేదేం లేదు.

గోడ మూసేలోపు చేయించాల్సినవి

మొదటిది, ప్రతి స్విచ్ బోర్డుకీ న్యూట్రల్ వైరు. స్మార్ట్ స్విచ్ అంటే లోపల ఒక చిన్న కంప్యూటర్. లైటు ఆపేసి ఉన్నా దానికి కరెంటు కావాలి. ప్లగ్ ఉన్న బోర్డులోకి న్యూట్రల్ ఎలాగూ వస్తుంది. మెట్ల దగ్గర, మంచం పక్కన, బాత్రూం బయట ఉండే స్విచ్‌లు మాత్రమే ఉన్న బోర్డుల్లో చాలాసార్లు వెయ్యరు. న్యూట్రల్ అక్కర్లేని స్విచ్‌లు మార్కెట్లో ఉన్నాయి కానీ, అవి బల్బు గుండా కొద్దిగా కరెంటు లాగుతాయి. దాంతో తక్కువ వాట్ల ఎల్‌ఈడీలు ఆపినా మినుకు మినుకుమంటుంటాయి. కట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్తే ఇది కొన్ని మీటర్ల వైరుతో పోతుంది. తర్వాతైతే గోడ కొయ్యాలి.

రెండోది, పైపు ఒక సైజు పెద్దది, బోర్డు డబ్బా కాస్త లోతుది. రేపు ఏ టెక్నాలజీ వస్తుందో మనకు తెలియదు. ఖాళీ పైపు ఉంటే ఏదొచ్చినా దూర్చుకోవచ్చు.

మూడోది, ప్రతి అంతస్తు సీలింగ్‌కీ, టీవీ వెనక్కీ, గేటు కెమెరా దగ్గరకీ క్యాట్ 6 కేబుల్. మన ఇళ్లు ఇటుక గోడలు, ఇనుము నిండిన స్లాబులు. కింద రౌటర్ పెట్టి పైన 5 గిగాహెర్ట్జ్ వైఫై రావాలంటే కష్టం. ఆరు యాంటెన్నాల రౌటర్ కొనేకంటే పై అంతస్తుకి ఒక కేబుల్ లాగి అక్కడ చిన్న యాక్సెస్ పాయింట్ పెట్టడం నయం. క్యాట్ 6 మీద 100 మీటర్ల దాకా గిగాబిట్ స్పీడ్ వస్తుంది. మన ఇంట్లో అంత దూరం ఎక్కడుంది?

నాలుగోది, ఎర్తింగ్, 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ, డీబీలో సర్జ్ ప్రొటెక్టర్. ఇవి ఎవరికీ చూపించుకునేవి కావు. కానీ షాక్ నుంచి ప్రాణాన్ని కాపాడేది ఆర్‌సీసీబీ. పిడుగులు పడే వానాకాలంలో టీవీని, ఇన్వర్టర్‌ని, మీ స్మార్ట్ స్విచ్‌లని కాపాడేది సర్జ్ ప్రొటెక్టర్. అదీ వెనక ఎర్తింగ్ బాగుంటేనే.

ఒంగోలు ఎండకి ఏది లగ్జరీ?

వేసవిలో 40 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పది దాటినా లోపలికి వేడి వదులుతూనే ఉంటుంది. యాప్‌లో ఏసీ ఆన్ చేయడం గొప్ప కాదు. ఏసీ తక్కువ కష్టపడేలా ఇల్లు ఉండటం గొప్ప. డాబా మీద తెల్ల కూల్ రూఫ్ పూత వేయించడం ఖరీదైన పని కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక పాలసీనే తెచ్చింది. ఇంటీరియర్‌కి లక్షలు పోసి, ఈ పూతకి మాత్రం బేరమాడేవాళ్లను నేను చూశాను.

ఫ్యాన్ల దగ్గర లెక్క ఇంకా తేలిక. మామూలు ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో దాదాపు 75 వాట్లు తింటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ సుమారు 30 వాట్లు. అయిదు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు దాదాపు 80 యూనిట్లు మిగులుతాయి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ కూడా చాలా ఎక్కువసేపు లాగుతుంది. ఒక జాగ్రత్త, బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి పాత రెగ్యులేటర్ తగిలించకండి. నేరుగా స్విచ్‌కి ఇవ్వాలి.

సోలార్ ఇప్పుడే పెట్టకపోయినా డాబా నుంచి డీబీ దాకా ఒక ఖాళీ పైపు వేయించి ఉంచండి. 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30 వేలు, 3 కిలోవాట్లు ఆపైన మొత్తం 78 వేలు సబ్సిడీగా ప్రకటించారు. పైపు లేక గోడ మీద వైర్లు వేలాడేసుకున్న లగ్జరీ ఇళ్లు మా వీధిలోనే రెండున్నాయి.

ఇక నీళ్లు. సంపు, మోటారు, పైన ట్యాంకు ఉన్న ఇంట్లో అసలైన స్మార్ట్ గ్యాడ్జెట్ వాటర్ లెవెల్ కంట్రోలర్. ట్యాంకు నిండగానే మోటారు ఆపుతుంది. సంపులో నీళ్లు అయిపోతే మోటారు కాలిపోకుండా చూస్తుంది. యాప్ లేకపోయినా పర్లేదు. మోటార్‌ని మాత్రం నేరుగా స్మార్ట్ ప్లగ్‌కి పెట్టకండి, స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంటుకి ప్లగ్ కాలిపోతుంది. మధ్యలో స్టార్టర్ గానీ కాంటాక్టర్ గానీ ఉండాలి.

అయితే స్మార్ట్ హోమ్ వద్దా?

అలా అనను. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉండి, ఇక్కడ పెద్దవాళ్లిద్దరే ఉండే ఇళ్లు మా ఊళ్లో చాలా ఉన్నాయి. వాళ్లకి గేటు దగ్గర కెమెరా ధైర్యం. రాత్రి మంచం దిగగానే దానంతట అదే వెలిగే మోషన్ సెన్సర్ లైటు ఇంకా పెద్ద ధైర్యం. మోకాళ్ల నొప్పులున్న మనిషికి కూర్చున్నచోటు నుంచే ఫ్యాన్ తగ్గించుకోవడం సోకు కాదు, అవసరం.

అందుకే నేనిప్పుడు ఏది కొనాలన్నా మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఇంటర్నెట్ పోతే పనిచేస్తుందా? కంపెనీ మూతపడితే పనిచేస్తుందా? ఎవరూ నేర్పకుండా నాయనమ్మ వాడగలదా? మూడింటికీ అవును అని వస్తేనే గోడ ఎక్కుతుంది. ఒక్కదానికి కాదు అన్నా, ఎన్ని స్టార్ల రివ్యూలున్నా సరే, దండం పెట్టేస్తాను.

ఇప్పటికే కట్టిన ఇల్లైతే గోడలన్నీ పగలగొట్టక్కర్లేదు. మామూలు స్విచ్ వెనక, అదే డబ్బాలో పట్టే చిన్న రిలే మాడ్యూల్స్ ఉన్నాయి. యాప్ పనిచేస్తే యాప్, లేకపోతే చేత్తో టక్కున నొక్కే స్విచ్. కరెంటు వచ్చాక లైటు ఆఫ్‌లోనే ఉండాలని సెట్ చేసుకునే ఆప్షన్ ఉందో లేదో కొనేముందే చూడండి. మేం పోయినేడాది చేయించింది ఇదే. ప్యానెళ్లన్నీ పీకేసి మామూలు స్విచ్‌లు పెట్టించాం. మెట్ల దగ్గర, నాయనమ్మ గదిలో న్యూట్రల్ లేదు కాబట్టి ఆ రెండు చోట్లా గోడ కోశారు. రంగు ఎంత కలిపినా ఆ మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి. నాన్న ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

గోడ కోసేటప్పుడు పాత పైపు ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. ఎలక్ట్రీషియన్ అంచనాగా కొట్టాడు, ఒకసారి తప్పాడు కూడా. కాబట్టి మీ ఇంట్లోనో, బాబాయి ఇంట్లోనో పని జరుగుతుంటే ఒక్కటి చేయండి. పైపులు వేశాక, ప్లాస్టింగ్ మొదలయ్యేలోపు వెళ్లి, ప్రతి గోడకీ టేపు ఆనించి ఫోన్‌తో వీడియో తీయండి. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి నాన్న ఫోన్‌లో. 200 మెగాపిక్సెళ్లు అక్కర్లేదు, మీ పాత ఫోన్ చాలు.