మధురవాణి ఊళ్లో ఆడవాళ్ల పేర్లేవీ?

విజయనగరంలో 'కన్యాశుల్కం' మాటెత్తగానే మగవాళ్ల పేర్లే వరసగా వినిపిస్తాయి. రాసినవాడు గురజాడ, ఆదరించిన ప్రభువు ఆనందగజపతి, 1892లో తొలిసారి ఆడింది జగన్నాథ విలాసినీ సభ. 1953 నుంచి ఆ నాటకాన్ని ఊరూరా తిప్పి నిలబెట్టినవాళ్లు శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం అన్నదమ్ములు జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి గార్లు. అన్నగారు రామప్పపంతులు. తమ్ముడుగారు గిరీశం, దర్శకత్వమూ ఆయనదే. వీళ్లందరికీ చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ కథంతా తన చేతిమీదుగా నడిపించేది మధురవాణి కదా, ఆ వేషం కట్టిన ఆడవాళ్లలో ఒక్కరి పేరైనా మన పిల్లలకి తెలుసా?

నేను బడిలో తెలుగు చెప్పినదాన్ని, సాయంత్రాలు నాటకాలాడినదాన్ని. బుచ్చమ్మ వేషం వేశాను. 'కన్యాశుల్కం' పాఠం చెప్పేటప్పుడల్లా పిల్లలకి ఒక సంగతి గుర్తుచేసేదాన్ని. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లు 1,034 అని గురజాడ తన ముందుమాటలో లెక్క ఇచ్చారు. అందులో ఏడాది పసికూనలు కూడా ఉన్నారు. అలా అమ్ముడుపోయిన ఆడపిల్లల గోడు చెప్పే నాటకం అది. ఆ రోజుల్లో మాత్రం ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. ఇక చివర్లో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. చీర కట్టిన మగవాడు, మగవేషంలో ఉన్న ఆడదానిలా నటించాలన్నమాట! అప్పటి నటులు ఎంత సమర్థులైనా, ఆ ముచ్చట ఆడవాళ్లకి దక్కలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అలాగని అప్పటికి తెలుగునాట రంగస్థలం మీద ఆడవాళ్లే లేరా అంటే, ఉన్నారు. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి కుటుంబాల్లో ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. సురభి కమలాబాయి తల్లికి నాటకం ఆడుతుండగానే నొప్పులు వచ్చాయి. అలా రంగస్థలం మీదే పుట్టి, కృష్ణుడూ ప్రహ్లాదుడూ వంటి వేషాలు కట్టి పెరిగిన ఆ పిల్లే తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి. బళ్లారి రాఘవ గారు చదువుకున్న ఇళ్ల ఆడవాళ్లని నాటకంలోకి ఆహ్వానించారు. ఆ పిలుపు అందుకుని వచ్చినవారే కొమ్మూరి పద్మావతీదేవి. మర్యాదగల ఇంటి ఆడది ముఖానికి రంగు పూసుకోవడమా అని లోకం నోరు నొక్కుకునే కాలంలో వచ్చారావిడ.

వీళ్లందరిలో నేను మొక్కేది దాసరి కోటిరత్నానికి. గుంటూరు ప్రాంతపు మనిషి. చిన్నప్పుడే ముఖానికి రంగు వేసుకుని, పెద్దయ్యాక సొంతంగా నాటక సమాజమే నడిపింది. సమాజం నడపడమంటే మాటలా! ఏ నాటకం ఆడాలో, ఏ వేషం ఎవరికివ్వాలో తేల్చాలి. హార్మోనిస్టు దగ్గర్నుంచి తెరలు కట్టేవాడి దాకా జీతాలివ్వాలి. వానొచ్చి ఆట ఆగితే ఆ రాత్రి అందరి అన్నమూ తనే చూడాలి. అంతటితో ఆగక 1935లో 'సతీ సక్కుబాయి' సినిమాతో తెలుగులో తొలి మహిళా నిర్మాత అనిపించుకుంది. 1939లో 'వరవిక్రయం' సినిమాలో నటించింది. 1972లో పోయింది. ఈవిడ పేరు తెలియని నాటకాభిమానులు నాకు ఎంతోమంది తగిలారు.

మరి ఇప్పుడో? మన జిల్లాల్లో సంక్రాంతికీ, అమ్మవారి పండక్కీ 'హరిశ్చంద్ర', 'రాయబారం' వేసే ఊళ్లు ఇంకా ఉన్నాయి. మగవేషాలు ఊరివాళ్లవి. చంద్రమతిని మాత్రం ఎక్కడినుంచో కాంట్రాక్టు మాట్లాడి రప్పిస్తారు. ఆవిడ రాత్రి బస్సు దిగి, ఎన్నడూ కలిసి రిహార్సల్ చెయ్యని హరిశ్చంద్రుడి పక్కన నిలబడి పద్యం అందుకోవాలి. తెల్లారకుండా మరో ఊరికి ప్రయాణం. పాలకొండ వైపు అలాంటి నటి ఒకామెని, "ఒకసారి నువ్వే డైరెక్షన్ చెయ్యొచ్చు కదా" అని అడిగాను. "ఊరుకోమ్మా, మగోళ్లకి నువ్వేటి సెప్తావని నవ్వుతారు" అంది. 'హరిశ్చంద్ర' పద్యాలు అన్ని పాత్రలవీ ఆమెకి కంఠతా వచ్చు. ఎవరు ఎక్కడ తడబడినా వెనకనుంచి అందించేది ఆమే. దర్శకత్వంలో సగం పని ఆమె ఇప్పటికే చేస్తోంది, కరపత్రంలో పేరు లేకుండా.

ఇది అన్యాయం. మొహమాటం లేకుండా అంటున్నాను. వేషానికి డబ్బిచ్చాం కదా అంటే సరిపోదు. పేరు వెయ్యాలి, పెత్తనమూ ఇవ్వాలి.

విజయనగరంలో గురజాడ వారి ఇల్లు చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్లో వస్తారు. మధురవాణిగా, బుచ్చమ్మగా, మీనాక్షిగా నటించిన స్త్రీల పేర్లూ ఫొటోలూ అక్కడ ఒక గోడ మీదికి ఎక్కాలి. ఈసారి మన ఊళ్లో 'కన్యాశుల్కం' కట్టే సమాజంవారు దర్శకత్వం ఒక స్త్రీకి అప్పగించండి. మీ ఇంట్లో, మీ వీధిలో ఒకప్పుడు ముఖానికి రంగు వేసుకున్న అమ్మలూ అత్తలూ ఉంటే, వాళ్ల దగ్గర కూర్చుని ఏ ఊళ్లో ఏ వేషం వేశారో అడిగి, వాళ్లు ఉండగానే రాసిపెట్టండి.