వింత సాలీడుదా, పెట్టెదా?

శ్రీకాళహస్తి పేరులోని ‘శ్రీ’ సాలీడేనని తెలుగు చదివినవారు ఎరుగుదురు. శివునికి గూడు అల్లిన పురుగును క్షేత్రం పేరులోనే నిలుపుకొన్నవారము మనము. అయినా మన నల్లమలలో ఉన్న ఒక సాలీడును గురించి మనకంటె పరదేశీయులే ఎక్కువగా మాట్లాడుకొంటున్నారు.

దానిని గుత్తి టరాంటులా అంటారు. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు 1899లో దానిని తొలిసారి వర్ణించాడు. గుత్తి రైల్వే కట్టెల అడితిలో దొరికిన సాలీడే ఆయనకు ఆధారం. తరువాత సుమారు నూరేండ్లు అది శాస్త్రజ్ఞుల కంట పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో మళ్లీ కనిపించింది. కలపతో పాటు రైలెక్కి అది ఆనాడు గుత్తి చేరి ఉంటుందని పండితుల ఊహ. నీలమణి వలె మెరిసే ఈ జీవి పెద్ద చెట్ల తొర్రలలో కాపురముంటుంది. పగలు దాగి, రాత్రి వేటాడుతుంది.

ఆ నీలిరంగే దానికి శత్రువయింది. ఐరోపా, అమెరికాలలో ఎందరో దానిని గాజు పెట్టెలలో పెంచుతున్నారు. పెంచేవారికి తరచు కలిగే సందేహం ఒకటే: ‘నా సాలీడు వింతగా ప్రవర్తిస్తున్నదేమి?’

ఆ వింతలేవో చూద్దాము. సాలీడు వెల్లకిల పడి కదలక ఉంటుంది. చచ్చిందనుకొని యజమాని కదిలిస్తాడు. నిజానికి అది కుబుసం విడుస్తున్నది. ఆ వేళ తాకితే, మెత్తని కొత్త చర్మం చిరిగి ప్రాణం పోవచ్చును. అంతకుముందు కొన్ని దినాలు, ఒక్కొక్కప్పుడు వారాలు, ఆహారం ముట్టదు. అది జబ్బు కాదు, సన్నాహం. మరొకటి రాత్రంతా గోడల వెంట తిరుగుతుంది. అడుగున మన్ను చిత్తడిగా ఉండవచ్చును, గాలి ఆడకపోవచ్చును, దాగేందుకు తొర్ర వంటి చోటు లేకపోవచ్చును. ఈడు వచ్చిన మగదైతే ఆడదానిని వెదుక్కొంటున్నది. అడవిలోనైనా అది ఇల్లు విడిచి తిరిగేదే.

ఇందులో వింత ఎక్కడ? సాలీడు తన స్వభావం తాను తప్పలేదు. చెట్టు తొర్రకు తగిన బ్రతుకును జానెడు పెట్టెలో పెట్టి, అది పెట్టెకు తగినట్లు నడచుకోలేదని ఆశ్చర్యపడుతున్నాము. వింత పెట్టెలో ఉన్నది.

పెట్టెలలో పిల్లలు పుడుతున్నాయి గనుక జాతి నశించదని కొందరు వాదిస్తారు. పెంపకంలో పుట్టినవి దొరికితే అడవిలో పట్టేవారు తగ్గవచ్చు, నిజమే. గాని పరదేశపు పెట్టెలో పుట్టిన పిల్లతో నల్లమల తొర్ర నిండదు. 2008 నాటికి దీని ఉనికి తెలిసిన ప్రదేశం నూరు చదరపు కిలోమీటర్లకు లోపు. వంటచెరకుకు, కలపకు చెట్లు కొడితే దాని ఇల్లే కూలుతుంది. అందుకే 2008లో ఐ.యు.సి.ఎన్. సంస్థ దీనిని అంతరించే ప్రమాదం మిక్కిలిగా ఉన్న జీవులలో చేర్చింది. 2019లో దీని జాతి మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపారానికి అదుపు విధించే సైటీస్ ఒడంబడిక రెండవ అనుబంధంలో చేర్చారు.

ఇది కర్నూలు, కడప సీమలలోని బడులకు సంబంధించిన విషయమే. కడప లంకమలలో కలివికోడి 1986లో తిరిగి కనిపించేదాకా అంతరించినదనే అనుకొన్నారు. పోయినవనుకొన్నవి రెండుమార్లు మన మెట్ట అడవులలోనే దొరికినవి. మూడవమారు దొరకకపోవచ్చును.

ఉపాధ్యాయ మిత్రులు పిల్లలకు ఒక్క అలవాటు నేర్పిన చాలు. ఏ జీవినైనా చూచి ‘ఇదేమి ఇట్లా చేస్తున్నది?’ అనేముందు, ‘ఇది ఎక్కడ బ్రతుకవలసినది?’ అని అడగాలి. సీసాలో పట్టి తెచ్చిన పురుగును గురించి వ్రాసే పాఠంకంటె, చెట్టును కదిలించక నిలబడి చూచి వ్రాసే పాఠం మేలు. సీసాలోని పురుగు మనం పెట్టిన ఇబ్బందిని చూపుతుంది. చెట్టు మీదిది తన జీవితాన్ని చూపుతుంది.